గోడ మీది ఏడో ఎక్కం

ఏప్రిల్ మూడో వారం. ఉదయం అయిదూ నలభై. బెళుగుప్ప దాటాక తొమ్మిదో కిలోమీటరు దగ్గర బస్సు నన్ను దించేసి, నేను మనసు మార్చుకుంటానేమోనన్నట్టు వెంటనే పారిపోయింది. చేతిలో ట్రంకుపెట్టె, చంకలో పరుపుచుట్ట, భుజాన నీళ్ళ సీసా. ఎదురుగా ఎర్ర గరుసు నేల. ఆ నేలలో మొలిచినవి రెండే రకాలు. ఒకటి బెత్తెడు గడ్డి, రెండోది మూడువందల అడుగుల గాలిమర. ఆ రెంటికీ మధ్య ఎత్తులో ఏదీ లేదు. గుమ్మఘట్ట వైపు నుంచి వచ్చిన గాలి నా టోపీ తీసుకుని విడపనకల్లు వైపు వెళ్ళిపోయింది. ఈపాటికి ఆ టోపీ బళ్ళారి దాటి ఎవరికో అల్లుడై ఉంటుంది.

సైన్యంలో ఇరవై నాలుగేళ్ళు చేశాను. మంచుకొండల్లో మీసం మీద ఐసు కట్టిన రోజుల్లో కాపలా కాశాను. ధర్మవరంలో మా వీధి మగ్గాలవాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు, "అన్నా, అన్నిట్లోకీ కష్టమైన పోస్టింగు యాడ?" అని. వాళ్ళు కాశ్మీరు పేరు వినాలనుకుంటారు. నేను బెళుగుప్ప అంటాను. నవ్వుతారు. ఇంటికి వంద కిలోమీటర్లు కూడా లేని చోటు మరి. హవల్దారుగా రిటైరై వచ్చిన మూడో నెలలో, గాలిమరల సామాన్ల యార్డుకి మాజీ సైనికులు కావాలంటే చేరాను. పద్నాలుగు నెలలు చేశాను. ఈ రాత దాని గురించి.

నా మాటల్లో ముప్పాతిక కత్తిరించి మిగిలింది మాత్రమే నమ్మమని నా భార్య వీధందరికీ చెప్పి పెట్టింది. ఆమె లెక్క సరైనదే. ఇందులో కత్తిరించాల్సినవన్నీ మొదట్లో ఉన్నాయి. చివరికి వచ్చేసరికి కత్తెర పక్కన పెట్టండి.

యార్డు నలభై ఎకరాలు. ముళ్ళకంచె. లోపల గాలిమర రెక్కలు వరసగా పడుకోబెట్టి ఉండేవి. ఒక్కో రెక్క ఎంత పొడుగంటే, ఒక కొసన తుమ్మితే రెండో కొసన ఉన్నవాడికి మర్నాడు జలుబు చేసేది. రాగి తీగల చుట్టలు ఉండేవి. దొంగలకు కావలసింది అవే.

గార్డు రూములో మేం ముగ్గురం. కమాండరు రిటైరైన నాయబ్ సుబేదారు, సొంతూరు గుమ్మఘట్ట దగ్గర. ఆయన మీసం ఎడమ కొస కన్నడం, కుడి కొస తెలుగు మాట్లాడేవి. వంట మాస్టరు కూడా సైన్యంలో వండి వచ్చినవాడే. ఆయన సంగటి ముద్ద గోడకేసి కొడితే గోడే వెనక్కి తగ్గేది. మూడోవాణ్ణి నేను.

కమాండరు నాకు సామాన్లు అప్పగించాడు. లాఠీ ఒకటి. టార్చి ఒకటి. ఈల ఒకటి. వాకీటాకీ ఒకటి. కుక్క ఒకటి.

"ఇదేంది సాబ్?" అన్నాను.

"కుక్కప్పా. ముందర జూసినోళ్ళు యెవురూ నమ్మరులే. పేరు జనరల్. ర్యాంకులో మనందరి కంటే పెద్దోడు, జాగర్త."

గ్రేట్ డేన్ జాతి. బూడిద రంగు. మామూలుగా నిలబడితే తల నా చొక్కా జేబు దగ్గరికి వచ్చేది. బరువు డెబ్బై కిలోలు. తోక ఊపితే బల్ల మీది టీ గ్లాసులు పక్క మండలంలో పడేవి. రోడ్డు మీద పోతున్న పెళ్ళివాళ్ళు దూరం నుంచి చూసి, పెళ్ళికొడుకు ఊరేగింపుకి గుర్రం బాడుగకిస్తారా అని లోపలికి వచ్చి అడిగారు. ఇంత దేహమూ తొండ కనిపిస్తే నా వెనక దాక్కునేది. ఎవరైనా నిలబడి ఉంటే వచ్చి ఒంటిని వాళ్ళకు ఆనించి నిలబడటం జనరల్ అలవాటు. మొదటిరోజు నాకు ఆనుకున్నాడు. నేను కంచెలో పడ్డాను. ముళ్ళు పీకడానికి వంట మాస్టరుకి మధ్యాహ్నం దాకా పట్టింది.

గార్డు రూము గోడ మీద కమాండరు ఎర్ర పెయింటుతో ఏడో ఎక్కం రాయించాడు. ఏడొకట్ల ఏడు దగ్గర నుంచి ఏడు పన్నెండ్లు ఎనభై నాలుగు దాకా. కుక్క వయసును ఏడుతో హెచ్చిస్తే మనిషి వయసు. దాని కింద ఆర్డరు. యాభై లోపు పూర్తి డ్యూటీ. యాభై నుంచి అరవై దాకా తేలిక డ్యూటీ. అరవై దాటితే పింఛను. సైన్యంలో దేనికైనా ఒక పట్టిక ఉంటుంది. పట్టిక ఉన్నచోట మనం ఆలోచించం. అలా ఆలోచించకుండానే నేను ఇరవై నాలుగేళ్ళు బతికి వచ్చాను.

"జనరల్‌కు అయిదున్నర. అంటే ముప్పై ఎనిమిదిన్నర," అన్నాడు కమాండరు. "నీకెంతప్పా?"

"నలభై రెండు సాబ్."

"నీకంటే చిన్నోడు. నువ్వు నడిచినంత వాడూ నడుస్తాడు. నువ్వు తిన్నట్ల మాత్రం పెట్టొద్దు, రేషను చాలదు."

మా డ్యూటీ ఉదయం అయిదున్నరకు మొదలు. కంచె ఒకసారి చుట్టి, ఆపైన మా రెండో యార్డుకు పోయే దారి వెంబడి కాపలా నడక. నాలుగో కిలోమీటరు దగ్గర ఒక విరిగిన రెక్క పడి ఉండేది. ఆ చుట్టుపక్కల నీడంటూ ఉన్నది దాని కిందే. అక్కడ రోజూ ఒక గొర్రెల తాత కలిసేవాడు. ఆయన వెంట నూట ఇరవై గొర్రెలు, ఒక ఆడకుక్క. ఊరకుక్క. తొమ్మిది కిలోలు ఉంటుందేమో. ఒక చెవి తెగి ఉండేది. పేరు బుడ్డి.

"వయసెంత తాతా?"

"మా మనవరాలు బుట్టినేడు పుట్టింది. పదకొండేండ్లు."

నేను పట్టిక తలచుకున్నాను. డెబ్భై ఏడు. పింఛను దాటి, పింఛను ఇచ్చేవాళ్ళు కూడా మరిచిపోయే వయసు. ఆ డెబ్భై ఏడేళ్ళ అవ్వ నా కళ్ళముందే ఒక కుందేలును కిలోమీటరు తరిమి, దొరక్కపోతే కుందేలునే తిట్టుకుంటూ తిరిగొచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళ జనరల్ ఆమెను చూసి ఆవులించి, రెక్క కింద పడుకున్నాడు. బుడ్డి వచ్చి వాడి ముందుకాళ్ళ మధ్య పడుకుంది. సంచీలో కొబ్బరికాయ పెట్టినట్టుంది.

ఇక నేను చేసిన పని. ఎండ ముదిరాక నాలుగో కిలోమీటరు దాటి పోవడం మాకిద్దరికీ ఇష్టం ఉండేది కాదు. అక్కడే కూర్చునేవాళ్ళం. రిజిస్టరులో మాత్రం రెండో యార్డు దాకా పోయివచ్చినట్టు రాసేవాణ్ణి. పద్నాలుగు కిలోమీటర్లు.

"కంట్రోల్, జనరల్ పార్టీ మాట్లాడుతున్నా. ఓవర్."

"యాడుండారు? ఓవర్."

"తొమ్మిదో కిలోమీటరు సాబ్. ఓవర్."

"నీ పక్కన గొర్రెలు అరుస్తాండాయి. తాత గొర్రెలు నాలుగో కిలోమీటరు దాటవే. ఓవర్."

"కొత్త గొర్రెలు సాబ్. అవుట్."

అంతటితో ఆగినా బాగుండేది. నాకు ఆగడం రాదు. "జనరల్ అడుగుల గుర్తులు చూసి ఇద్దరు అనుమానితులు పారిపోయారు" అని రాశాను. మరుసటి వారం నలుగురయ్యారు. జూలైలో ఒక చిరుతను కొండ ఎక్కించాను. టీ అంగట్లో అదే చిరుతను రెండు చేసి చెప్పాను. సెప్టెంబరు నాటికి రాగి చుట్ట ఒక్కటి కూడా పోలేదు. జనరల్ ఖ్యాతి మూడు మండలాలకు పాకింది. దొంగలు నమ్మారు. వాళ్ళు నమ్మడం మంచిదే. కానీ రిజిస్టరు నెలనెలా హెడ్డాఫీసుకు పోయేది. వాళ్ళూ నమ్మారు.

నవంబరులో ఒక ప్యాకెట్టు వచ్చింది. అందులో కుక్క పట్టీకి తగిలించే చిన్న నల్లడబ్బీ. కుక్క ఎక్కడుందో, ఎన్ని కిలోమీటర్లు నడిచిందో హెడ్డాఫీసులో తెర మీద చుక్కలా కనిపిస్తుందట. వెంట ఒక ఉత్తరం. జనరల్ కృషికి మెచ్చి, రిజిస్టరులో రాస్తున్న పద్నాలుగు కిలోమీటర్ల చుట్టునే ఇకమీదట రోజువారీ డ్యూటీగా ఖాయం చేశారు.

కమాండరు ఉత్తరం రెండుసార్లు చదివి నాకేసి చూశాడు.

"రాసినావు గదా. ఇంగ నడువు," అన్నాడు.

నడిచాం. అయిదున్నరకు బయల్దేరితే తొమ్మిదిన్నర అయ్యేది. నవంబరు, డిసెంబరు చల్లని నెలలు. బాగానే గడిచాయి. జనవరిలో మొదటిసారి గమనించాను. పడుకున్నచోటి నుంచి జనరల్ లేవడం మారింది. ముందుకాళ్ళు లేచేవి. వెనకకాళ్ళు ఆలోచించుకుని లేచేవి. మూతి చుట్టూ బూడిద రంగు పోయి తెల్లబడింది. ఏడో కిలోమీటరు దగ్గర కూర్చునేవాడు.

సైన్యంలో దొంగనొప్పులు చాలా చూశాను. నేనే స్వయంగా పదకొండు రకాలు పడ్డాను. ఇదీ అలాంటిదేననుకున్నాను. అక్టోబరులోనే వాడికి ఆరేళ్ళు నిండాయి. గోడ మీది లెక్కలో నలభై రెండు. అచ్చంగా నా వయసు.

"లెయ్ రా జనరల్. నీదీ నలభై రెండే, నాదీ నలభై రెండే. నా మోకాళ్ళు నొయ్యవా? లెయ్," అని గొలుసు లాగాను.

లేచాడు. చెప్పినమాట వినడమే వాడు నేర్చిన ఒకే ఒక్క తప్పు. ఆ నెలంతా లాగాను. కొన్నిరోజులు కేకలు వేశాను. ఒకరోజు లాఠీతో నేల మీద కొట్టాను, వాడి పక్కనే. తల ఒక్కసారి పక్కకు తిప్పుకుని లేచి నడిచాడు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం గొర్రెల తాత అడ్డం వచ్చాడు.

"ఏమప్పా హవల్దారూ, ఆ ముసలోన్ని యాటికి ఈడ్చకపోతాండావు?"

"ముసలోడు యాడుండాడు తాతా? ఆరేండ్ల కుక్క ఇది."

"పెద్ద కుక్కకు ఆరేండ్లంటే ముసిలితనమే. మా కాలంలో రెడ్డేరి ఇంట్లో ఇట్లాటిదే ఉన్నింది. ఇంత ఎత్తు. ఎనిమిదో యేడు చూళ్ళేదు అది."

నేను నవ్వాను. "ఎలుక కంటే ఏనుగు ఎక్కువ బతుకుతాదా లేదా?"

"ఏనుగు సంగతి నాకు తెల్దు. నేను సూడలే. కుక్కను జూసినా," అన్నాడు తాత. బుడ్డి ఆ సమయానికి జనరల్ వెనకకాలు నాకుతోంది. వాడు పళ్ళు బిగపట్టి నిలబడి ఉన్నాడు. అప్పుడు కనిపించింది నాకు. కాలు వణుకుతోంది. దొంగనొప్పి వణకదు. నాకు తెలిసిన పదకొండు రకాల్లో ఒక్కటీ వణకదు.

మరునాడు పాల ఆటోలో జనరల్‌ను బెళుగుప్ప పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాను. పాలక్యాన్లు దించి వాణ్ణి ఎక్కించాం. డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. నిదానంగా చూసింది. గుండె దగ్గర చాలాసేపు విన్నది.

"వయసెంతన్నా?"

"నలభై రెండు మేడం."

"మీది కాదు. వాడిది."

"వాడిదీ అదే," అని ఏడో ఎక్కం సంగతి చెప్పాను. బుడ్డి డెబ్భై ఏడేళ్ళ సంగతీ చెప్పాను. ఆమె నవ్వలేదు.

"ఆ లెక్క తుడిచేయండన్నా. అన్ని కుక్కలకూ ఒకే ఎక్కం చెల్లదు. చిన్న కుక్కలు పద్నాలుగు, పదిహేనేళ్ళు బతుకుతాయి. ఇంత పెద్ద జాతివి ఏడెనిమిదేళ్ళు బతికితే ఎక్కువ. ఎక్కడో ఒకటి పదికి పోతుంది. మనిషి లెక్కలో చెప్పాలంటే వీడు ఇప్పుడు అరవై దాటినోడు. మీ బుడ్డి కూడా రమారమి అంతే. ఇద్దరూ ఒక ఈడువాళ్ళు. కాకుంటే ఆమెకు ఇంకా దారి ఉండాది, వీడికి లేదు."

"పెద్ద జంతువు ఎక్కువ బతకల్ల గదా మేడం? ఏనుగు..."

"ఏనుగునూ ఎలుకనూ పక్కపక్కన పెడితే నిజమే. కుక్కను కుక్క పక్కన పెడితే తలకిందులు. ఎందుకనేది పూర్తిగా తేల్చినోళ్ళు ఇంకా ఎవరూ లేరు." ఆమె నా ఆధార్ కార్డు చూసింది. "మీది ధర్మవరమా? మగ్గం తెలుసా?"

"మా నాయన నేసేవాడు. నేనూ మగ్గం గుంటలో కూర్చున్నా."

"పట్టుచీర ఎన్నాళ్ళు నేస్తారు?"

"బుటా పనుంటే ఇరవై దినాలు."

"అదే ఇరవై దినాల్లో దానికి ఎనిమిదింతల పొడుగు చీర నేయమంటే?"

"పోగులు తెగతాయి మేడం."

"అంతేన్నా. పుట్టినప్పుడు బుడ్డీ అరచేతిలో పట్టింది, వీడూ ఇంచుమించు అరచేతిలో పట్టినాడు. ఆమె తొమ్మిది కిలోల కాడ నిలబడింది. వీడు ఏడాదిన్నరలోపల డెబ్బై కిలోలు నేసుకున్నాడు. అంత తొందరగా పెరిగిన ఒళ్ళు అంత తొందరగానే అరుగుతుంది. కీళ్ళు పోతాయి. గుండె ఉబ్బుతుంది. పైగా ఎత్తు కోసం, అందం కోసం దగ్గరి చుట్టాలకే జతకట్టించుకుంటూ వస్తారు. గుండె జబ్బు కూడా ఆస్తి మాదిరి చేతులు మారుతుంది. బుడ్డికి పది ఊర్ల రక్తం ఉండాది. ఆమెకు ఆ బాధ లేదు."

ఆమె చీటీ రాసింది. ఉదయం ఒక కిలోమీటరు నడక. ఎండలో పరుగు అసలు వద్దు. ఆ మాట కింద రెండు గీతలు గీసింది.

తిరుగు ఆటోలో నేను వాడి పక్కనే కింద కూర్చున్నాను. తల నా తొడ మీద పెట్టాడు. ఆ తల బరువు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎన్ని కిలోలో చెప్పను. చెబితే మీరు కత్తెర తీస్తారు.

గార్డు రూముకి వచ్చి చీటీ కమాండరు ముందు పెట్టాను. ఆయన చదివాడు. గోడ చూశాడు. మళ్ళీ చీటీ చూశాడు.

"నేను తేలిక డ్యూటీ రాసిచ్చినాననుకో," అన్నాడు. "హెడ్డాఫీసులో అది అన్‌ఫిట్. అన్‌ఫిట్ కుక్కను సప్లయరుకు తిప్పి పంపల్లంటాది ఆర్డరు."

"పంపితే?"

వంట మాస్టరు కూరగాయల దగ్గర నుంచి తలెత్తకుండా అన్నాడు. "పోయినేడు ఒకటి పోయినాది. ఫోను జేసి అడిగితే, ఏ కుక్క అన్నాడు."

కమాండరు లేచి తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. జనరల్ వచ్చి ఆయనకు ఆనుకున్నాడు. ఆయన తలుపుచెక్క పట్టుకున్నాడు.

"డబ్బీ నడవల్ల. కుక్క నడవల్లని యాడా రాయలేదు," అన్నాడు బయటికి చూస్తూ. "నేనేమీ అనలేదు. నువ్వేమీ ఇనలేదు."

మరుసటి ఉదయం నాలుగో కిలోమీటరు దగ్గర, జనరల్ మెడ పట్టీ నుంచి నల్లడబ్బీ తీసి బుడ్డి మెడకు కట్టాను.

"ఏందిది? గంటా?" అన్నాడు తాత.

"మెడల్ తాతా, బిరుదు బిళ్ళ. మీ బుడ్డిని సైన్యంలో చేర్చుకున్నాం."

"జీతం?"

"జనరల్ సంగట్లో సగం."

"సగమంటే నాకూ సాలుతాది," అన్నాడు తాత.

ఆ రెండు నెలలు నా జీవితంలో బాగా బతికినవి. జనరల్ రోజూ పాల ఆటోలో వచ్చి రెక్క కింద పడుకునేవాడు. వాడి పేరు మీద బుడ్డి గొర్రెల వెంట తిరిగేది. సాయంత్రం నాలుగున్నరకు డబ్బీ విప్పేవాణ్ణి. వాడి వెనకకాళ్ళకు నువ్వులనూనె రాసేవాణ్ణి. తిండి మార్చాం. వాడు మళ్ళీ ఒకటి రెండుసార్లు తోకతో గ్లాసులు పడగొట్టాడు. వంట మాస్టరు పగిలినవి ఏరుతూ, "వొచ్చినాది రా పానం," అని మురిసిపోయాడు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, బుడ్డికి పద్నాలుగు కిలోమీటర్ల దగ్గర ఆగాలని తెలియదు. మొదటివారం పందొమ్మిది. తర్వాత ఇరవై ఆరు. ఒకరోజు నక్క వెంటపడి ముప్పై ఒకటి చేసింది. నేను జీవితంలో ఆడిన అబద్ధాలన్నిట్లోకీ పెద్దది నా నోరు కదలకుండానే పుట్టింది. హెడ్డాఫీసు తెర మీద ఆరున్నరేళ్ళ గ్రేట్ డేన్ ఎండాకాలంలో రోజుకు ముప్పై కిలోమీటర్లు తిరుగుతోంది. ఇలాంటి కుక్కను కళ్ళారా చూడాలని పెద్దసారు బయల్దేరాడు. మే మొదటివారం. ప్రదర్శన కావాలన్నాడు. దొంగవేషం వేసినవాణ్ణి జనరల్ తరిమి పట్టుకోవాలి.

కమాండరు ఫోనులో ప్రాధేయపడ్డాడు. కుక్క పనిచేసేది చల్లటి పూటేనని, ఉదయం ఆరుకల్లా రావాలని. సరేనన్నారు. దొంగగా వంట మాస్టరే ఒప్పుకున్నాడు. చేతికి పరుపు చుట్టుకుంటానన్నాడు. యాభై గజాలు చాలు, నెమ్మదిగా పరిగెడతానన్నాడు. డబ్బీ మళ్ళీ జనరల్ మెడకు వచ్చింది.

ఆరుకు అందరం నిలబడ్డాం. ఏడు. ఎనిమిది. వంట మాస్టరు చేతికి చుట్టిన పరుపు రెండుసార్లు విప్పి కట్టుకున్నాడు. నేను జనరల్ ఒంటి మీద తడిగుడ్డ పిండుతూ ఉన్నాను. తొమ్మిదీ నలభైకి రెండు తెల్లకార్లు వచ్చాయి. అప్పటికి గరుసు నేల చెప్పుల్లోంచి కాలుతోంది.

పెద్దసారు దిగాడు. మంచివాడే. నవ్వుముఖం. జనరల్‌ను చూసి చేతులు జోడించాడు. నేను అటెన్షన్‌లో నిలబడి నిజం చెప్పాను.

"సార్, ఈ కుక్క పరిగెత్తలేడు. ముసలోడు. ఆ కిలోమీటర్లు వీడు నడవలేదు. ఒక గొర్రెల కుక్క నడిచింది. చిరుతలు లేవు. అనుమానితులు లేరు. రిజిస్టరులో నేను రాసినవన్నీ అబద్ధాలు సార్."

పెద్దసారు పకపకా నవ్వాడు. వెంట వచ్చినవాళ్ళూ నవ్వారు.

"హవల్దార్ గారు భలే జోకులు వేస్తారని విన్నాను. విన్నదానికంటే ఎక్కువే," అని నా భుజం తట్టాడు. "గొర్రెల కుక్క! చాలా బాగుంది. సరే, మొదలుపెట్టండి. పనిచేయకపోతే మాత్రం ఈరోజే బండిలో వేసి పంపించేద్దాం."

అదీ జోకు అనుకునే అన్నాడేమో. వెనక కారు డిక్కీ తెరిచే ఉంది.

కమాండరు నా పక్కకు వచ్చాడు. పెదవులు కదలకుండా మాట్లాడాడు.

"యాభై గజాలు. పరిగెత్తినాడంటే ఈడుంటాడు. లేకుంటే పోతాడు."

"ఎండ సాబ్."

"తెలుసు."

"డాక్టరమ్మ రెండు గీతలు గీసింది సాబ్."

"తెలుసప్పా." ఆయన మీసం సర్దుకున్నాడు. తర్వాత మామూలు గొంతుతో, పెరేడ్ గొంతుతో, "హవల్దార్, వదులు," అన్నాడు.

నేను వదలకూడదు. వదలొద్దనే అనుకున్నాను. కానీ నా చెయ్యి నన్ను అడగలేదు. ఇరవై నాలుగేళ్ళు ఆర్డరు విన్న చెయ్యి. దానికి పట్టిక తెలుసు, ఆర్డరు తెలుసు. వేళ్ళు తెరుచుకున్నాయి. రెండో చెయ్యి గాల్లోకి లేచి ముందుకు ఊగింది. పో అనే సైగ అది.

వాడు చెవులు నిక్కించి నా చేతిని చూసి బయల్దేరాడు.

వాడు అలా పరిగెత్తడం నేను అంతకుముందు చూడలేదు. పెంచి చెప్పడం లేదు. వెనకకాళ్ళు నొప్పి మరిచిపోయాయి. ఎదురుగా ఉన్నది దొంగ కాదు, రోజూ సంగటి పెట్టేవాడు. అందుకే అంత వేగం. వంట మాస్టరు పరిగెత్తడం మానేసి వెనక్కి తిరిగి, "వొద్దు రా, నిదానం, నిదానం," అని చేతులు ఊపాడు. జనరల్ యాభై గజాలూ దాటి ఆయన భుజాల మీద రెండు కాళ్ళూ వేసి, ముఖమంతా నాకాడు. పెద్దసారూ మిగిలినవాళ్ళూ చప్పట్లు కొట్టారు.

దిగాడు. నా వైపు తిరిగి నడవడం మొదలుపెట్టాడు. ఇరవై అడుగులు వేసి ఆగాడు. ఆనుకోవడానికి మనిషి కోసం పక్కకు చూశాడు. ఎవరూ లేరు. పడిపోయాడు.

నేను పరిగెత్తాను. వంట మాస్టరు కుండతో నీళ్ళు తెచ్చి పోశాడు. కమాండరు డాక్టరమ్మకు ఫోను చేశాడు. ఆమె బయల్దేరింది. వాడు పడిన చోటు ఒక గాలిమర కింద. గాలి తక్కువగా ఉంది. రెక్కలు నిదానంగా తిరుగుతున్నాయి. మూడు సెకన్లకు ఒకటి చొప్పున రెక్కల నీడ వాడి మీదుగా పోతోంది. నీడ. ఎండ. నీడ. ఎండ. నీడ ముఖం మీదికి వచ్చిన ప్రతిసారీ వాడు ఒక చెవి లేపేవాడు. నేను చెయ్యి ఊపుతున్నాననుకున్నాడు. పో అన్నాననుకున్నాడు. లేవాలని చూసేవాడు. ముందుకాళ్ళు కదిలేవి.

"వొద్దు రా. నేను గాదు. అది నీడ రా. పడుకో," అని చెబుతూనే ఉన్నాను. కళ్ళకు నా చేతులు అడ్డం పెట్టాను. ఆ నీడ నా చేతులకంటే పెద్దది.

పది గంటల పన్నెండు నిమిషాలకు నీడ వచ్చింది. చెవి లేవలేదు.

పెద్దసారు టోపీ తీసి నిలబడ్డాడు. "ముప్పై కిలోమీటర్లు తిరిగే కుక్క గదా," అన్నాడు నెమ్మదిగా. ఆయనకు ఇప్పటికీ అర్థమై ఉండదు. అందులో ఆయన తప్పేమీ లేదు.

బుడ్డి ఎప్పుడు వచ్చిందో తెలియదు. వాడి ముందుకాళ్ళ మధ్య దూరి పడుకుంది. దాని వెనకే వచ్చిన తాత పిలిచినా లేవలేదు. ఆ సాయంత్రం విరిగిన రెక్క పక్కన గుంత తవ్వాం. గరుసు నేల, గునపం దిగదు. నలుగురం మూడు గంటలు తవ్వాం. పెద్దవాడు కదా.

రిజిస్టరులో ఆ రోజు ఒక్క వాక్యం రాశాను. "జనరల్, వయసు ఆరేళ్ళ ఏడు నెలలు, ముసలితనంలో, ఎండలో, నా సైగతో పరిగెత్తి చనిపోయాడు." కమాండరు చదివి సంతకం పెట్టాడు. పెట్టి, సున్నం బకెట్టు తెచ్చి గోడ మీద ఎక్కమంతా తుడిచాడు. ఏడారులు నలభై రెండు దగ్గర ఎర్రరంగు ఎంతకీ పోలేదు. మూడు పూతలు వేశాడు.

జూన్ ఆఖరున తిరిగొచ్చాను. బస్సు అదే. టోపీ లేదు. ధర్మవరంలో దిగి ఇంటికి నడిచాను. మా వీధి మగ్గాల చప్పుడు నాలుగు సందుల అవతల నుంచే వినిపించింది. ఇది జరిగి మూడేళ్ళు దాటింది. తాతకు అప్పుడప్పుడు ఫోను చేస్తాను.

"బుడ్డి ఉండాదా తాతా?"

"ఉండాది. పదిహేనేండ్లు పడినాయి. ఒక కన్ను కానరాదు. కుందేల్ను మాత్రం ఇడిసిపెట్టదు. నాలుగో కిలోమీటరు కాడికి పోతే ఆ గుంత మింద కాసేపు పడుకోని వొస్తాది."

మా ఇంట్లో ముందుగదిలో ఫ్యాను ఉంది. దాని పైన లైటు. రెండూ వేస్తే రెక్కల నీడ నేల మీద తిరుగుతుంది. ఆ గదిలో నేను ఫ్యాను వేయనివ్వను. మే నెలలోనూ వేయనివ్వను. "కరెంటు మిగిలిచ్చి కోట పెట్టిస్తాడంట మా ఆయప్ప," అని నా భార్య వచ్చినవాళ్ళకు విసనకర్ర ఇచ్చి నవ్విస్తుంది. నేనూ నవ్వుతాను. చుట్టాలెవరైనా తెలియక స్విచ్చి నొక్కుతారు. నీడ నేల మీద ఒక చుట్టు తిరుగుతుంది. ఎక్కడో ఒక చెవి లేస్తుంది. నేను లేచి వెళ్ళి ఆపేస్తాను.